సమాధానం: మూడేండ్ల ఫ్యాను మెల్లగా తిరిగితే కొత్తది కొనాలా?

అన్నా, దేవరకొండలో షాపాయన "ఇది పాతదైంది, ఈఎంఐలో కొత్తది తీసుకో" అన్నడని రాసినరు కదా, అప్పుడే కార్డు తియ్యకండి. అయిదు నంబరు మీద కూడా మెల్లగా తిరుగుతుందంటే ఎక్కువసార్లు పోయేది కండెన్సరే (కెపాసిటర్, మోటరుకు ఊపునిచ్చే చిన్న డబ్బా). 50 నుంచి 100 రూపాయలల్ల దొరుకుతది.

ముందు ఇది చూడండి. స్విచ్చు ఆపి రెక్కను వేలితో తోయండి. గరగరమన్నా, పట్టేసినట్టు వెంటనే ఆగినా అది బేరింగు పని, వైండింగు షాపుకు పోవాలె. సాఫీగా తిరిగితే కండెన్సరు మార్చండి. సాయంత్రాలు మాత్రమే మెల్లగైతే ఫ్యాను తప్పు కాదు, వోల్టేజీ పడుతున్నట్టు.

మెయిన్ ఆపి, రాడ్డు మీది గిన్నె లాంటి మూత జరపండి, కండెన్సరు అందులో ఉంటది. పాత కండెన్సరులో కరెంటు మిగిలి ఉంటది. ప్లాస్టిక్ పిడి స్క్రూడ్రైవరుతో దాని రెండు కొసలు కలిపాకే ముట్టుకోవాలె. వైర్లు విప్పేముందు ఫోటో తీసుకోండి. పాత కండెన్సరు మీద 2.5 మైక్రోఫారడ్ (దాని సైజు) అని ఉంటే అదే తేవాలె, కొన్నిట్ల 3.15 ఉంటది. "పెద్దదేస్తే స్పీడ్ వస్తది" అని 4 బిగిస్తరు కొందరు, మోటరు వేడెక్కి లోపలి తీగ చుట్ట, అదే వైండింగు, కాలుతది.

తక్కువ కరెంటు తాగే కొత్త రకం ఫ్యాను, బీఎల్‌డీసీ, 30 వాట్ల దగ్గర నడుస్తది, పాతది 75. రోజుకు 15 గంటలు తిరిగితే ముప్పావు యూనిట్ లోపే మిగులు. పాతది నిజంగా కాలినప్పుడు తీసుకోండి. ఈఎంఐకి "వడ్డీ లేదు" అన్నా ప్రాసెసింగ్ ఫీజు ఎంతో అడిగి చూడండి.