టన్నుల సంగతి తర్వాత, ముందు వేగం చూడు

నాయనా,

కాల్చిన ఇనుమును ఆయిల్ ఒత్తిడితో నొక్కి సాగదీసే హైడ్రాలిక్ ఫోర్జింగ్ ప్రెస్‌ను షెడ్డులో సొంతంగా కట్టుకుంటానని రాశావు, సంతోషం. "ఎన్ని టన్నులది కట్టమంటావు బాబాయ్" అన్నావు చూడు, అందరూ మొదట అడిగేది అదే. టన్నుల లెక్క తేలిక. సిలిండర్ బోరు, అంటే లోపలి రంధ్రం, వైశాల్యాన్ని ఆయిల్ ప్రెషర్‌తో గుణిస్తే వచ్చేస్తుంది. 125 మి.మీ. బోరు, 175 బార్ ప్రెషర్ అనుకో, సుమారు 22 టన్నులు. కత్తులు, గొడ్డళ్లు, ఉలులు చేసుకునేవాడికి ధారాళంగా చాలు. నువ్వు అడగాల్సింది రామ్, అంటే సిలిండర్ తోస్తే దిగి ఇనుమును నొక్కే భాగం, సెకనుకు ఎంత కదులుతుందని.

కొలిమిలోంచి తీసిన ఇనుము మన కోసం ఆగదు కదా. ఇనుమును నొక్కే ఉక్కు దిమ్మె, అదే డై, తగిలిన క్షణం నుంచి వేడినంతా అది లాగేసుకుంటుంది. రామ్ తాపీగా దిగితే నువ్వు నొక్కేది పైన నల్లబడి మొరాయించే ఇనుమునే, దానికి ఎన్ని టన్నులు పెట్టినా దండగ. అందుకే బళ్లు పైకి లేపే బాటిల్ జాక్‌తో కానిచ్చేద్దామనే ఆలోచన ఉంటే మానుకో, దానికి బలం ఉంది గానీ పరుగు లేదు. సెకనుకు రెండున్నర సెంటీమీటర్లయినా రావాలి. పైన చెప్పిన సిలిండర్ ఒక్క సెంటీమీటరు కదలడానికే 120 మి.లీ. పైన ఆయిల్ తాగుతుంది, అంటే నిమిషానికి 18 లీటర్ల పైచిలుకు. పూర్తి ప్రెషర్ దగ్గర కూడా అదే వేగం కావాలంటే ఎనిమిది హార్స్‌పవర్ దాటిన మోటారు కావాలి, ఇంటి కరెంటు మీద ఆ భారం ఎందుకు? కట్టెలు చీల్చే యంత్రాలకు వాడే రెండు దశల పంపు పెట్టు. రామ్ ఖాళీగా దిగేటప్పుడు ఎక్కువ ఆయిల్ తోస్తుంది, లోడు పడగానే తానే తక్కువ ఆయిల్, ఎక్కువ ప్రెషర్‌కు మారుతుంది. నొక్కేటప్పుడు కాస్త నెమ్మదిస్తుంది, అది ఒప్పుకోక తప్పదు.

డైలు మరీ వెడల్పుగా చేయకు. అదే 22 టన్నులు 5 సెం.మీ. చదరం మీద పడితే చదరపు సెంటీమీటరుకు 880 కిలోలు, 10 సెం.మీ. చదరం మీదైతే 220 మాత్రమే. సన్నటి డై, అంచులు గుండ్రంగా రుద్దినది, ఇనుమును సాగదీసినంత బాగా పెద్ద పలక సాగదీయదు.

ఫ్రేము హెచ్ ఆకారంలో కట్టు. సి ఆకారం పనికి వీలుగా ఉంటుంది కానీ లోడు పడగానే నోరు తెరుచుకోవాలని చూస్తుంది, దాన్ని ఆపడానికి ఇంకా బోలెడు ఇనుము పెట్టాలి. ఇంకో ముఖ్యమైన మాట, లోడంతా వెల్డింగ్ మీద వేలాడకూడదు. అడ్డదూలాలకు వెనక దిమ్మెలో, లావుపాటి పిన్నులో పెడితే బరువు వాటి మీద ఆనుతుంది, వెల్డింగ్ ఊరికే పట్టుకుని ఉంటుంది. రామ్‌కు గైడ్లు తప్పకుండా పెట్టు, ముక్క మధ్యలో కాక ఓ పక్కన పడిందంటే ఆ వంపు నేరుగా సిలిండర్ రాడ్ మీదకు పోయి, ఆయిల్ కారకుండా ఆపే సీళ్లు చినిగిపోతాయి.

ఇక నాకు టెన్షన్ పెట్టే విషయం ఆయిల్. హోసుకు సూది మొనంత చిల్లు పడినా ఆయిల్ మంచులా చిమ్ముతుంది, పక్కనే కొలిమి ఉంటే భగ్గుమంటుంది. పంపు, ట్యాంకు కొలిమికి దూరంగా పెట్టి, హోసులకు అడ్డంగా రేకు కట్టు. లీకు ఎక్కడుందా అని చేత్తో తడమకు, అట్టముక్కతో చూడు. ఆ ప్రెషర్‌కు ఆయిల్ చర్మంలోకి దూరిపోతుంది, పైకి చిన్న చుక్కే కనిపిస్తుంది, నొప్పి కూడా పెద్దగా ఉండకపోవచ్చు. అయినా తెల్లారాక చూద్దాంలే అనుకోకుండా వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాలి, ఆయిల్ లోపలికి పోయిందని డాక్టరుకు స్పష్టంగా చెప్పాలి. నీళ్ల గొట్టాల ఫిట్టింగులు ఎక్కడా వాడకు.

పంపుకు, రామ్‌ను నడిపే కంట్రోల్ వాల్వుకు మధ్య రిలీఫ్ వాల్వు (ప్రెషర్ హద్దు దాటితే ఆయిల్‌ను ట్యాంకుకు వదిలేసేది), పక్కనే ప్రెషర్ చూపే గేజి పెట్టు. లివర్ వదిలేస్తే స్ప్రింగుతో మధ్యకు వచ్చి ఆయిల్ నేరుగా ట్యాంకుకు పోయే రకం కంట్రోల్ వాల్వు తీసుకో, లేకపోతే ఊరికే నిలబడ్డా ఆయిల్ కాగిపోతుంది. మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు మోటారును ఒక్క క్షణం తిప్పి ఏ దిక్కుకు తిరుగుతోందో చూడు, రిలీఫ్ పూర్తిగా వదులు చేసి గేజి చూస్తూ కొద్దికొద్దిగా బిగించు. పంపు గరగరమంటే ఆయిల్ అందట్లేదని, వెంటనే ఆపెయ్.

ఫ్రేము కొలతలు గీశాక వెల్డింగ్‌కు ముందు ఓసారి నాకు పంపించు, పిన్నుల మందం చూసి చెప్తాను.

ఇట్లు,
బాబాయ్