బొమ్మలతో జీవశాస్త్రం చెప్పబోతున్న నీకు

అమ్మలూ,

నువ్వు చిన్న తరగతుల పిల్లలకు బొమ్మలతో జీవశాస్త్రం చెప్పబోతున్నావని మీ అమ్మ నిన్న రాత్రి ఫోనులో చెప్పింది. వింటుంటే ఛాతీ ఉప్పొంగింది. మన ఇంట్లో నా తర్వాత సుద్దముక్క పట్టుకోబోయేది నువ్వే. అయితే ఫోను పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. ఒక్కో పాఠానికీ కంప్యూటర్లో రంగురంగుల బొమ్మలు ముందే తయారుచేసుకున్నావట. వాటిని తెర మీద వేసి చూపిస్తే సగం పాఠం అయిపోయినట్టే అన్నావట. ఆ మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. అందుకే తెల్లవారగానే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

మామూలు సంగతులు ముందు చెప్పేస్తాను. బొమ్మ చివరి బెంచీ వరకూ కనిపించాలి. ఒక బొమ్మలో ఒక విషయమే ఉండాలి. ఏ భాగం పేరు ఆ భాగం పక్కనే రాయి. అంకెలు వేసి కింద పట్టికలో పేర్లు ఇస్తే పిల్లల చూపు పైకీ కిందికీ తిరగడానికే సరిపోతుంది. ఎరుపు, ఆకుపచ్చ రంగులతోనే తేడా చూపించాలని అనుకోకు. ఆ రెండింటినీ విడిగా పోల్చుకోలేని పిల్లలు ఉంటారు, మగపిల్లల్లో మరీనూ. తమకు ఆ ఇబ్బంది ఉందని ఆ వయసులో చాలామందికి తెలియను కూడా తెలియదు. ఒక భాగాన్ని గీతలతో, ఇంకొకదాన్ని చుక్కలతో నింపితే అందరికీ తెలుస్తుంది. ఇవన్నీ నీకు శిక్షణలోనే చెప్పి ఉంటారు.

అక్కడ చెప్పి ఉండరేమోనని నేను భయపడుతున్నది వేరే ఉంది.

నాలుక పటం గుర్తుందా? నాలుక కొసన తీపి, ఆ పక్కన ఉప్పు, ఇంకాస్త వెనక అంచుల్లో పులుపు, బాగా లోపల చేదు అంటూ నాలుగు రంగులు వేసిన బొమ్మ. నేను ఉద్యోగంలో చేరేనాటికే ఆ చార్టు బడి గోడ మీద ఉంది. జ్ఞానేంద్రియాల పాఠం వచ్చిందంటే ఏ తరగతికి ఆ తరగతి దాన్ని పట్టుకెళ్లేవారు. ఒకసారి పక్క తరగతి ఉపాధ్యాయిని ప్రయోగం చేయిస్తుంటే నేను వెనక కూర్చుని చూశాను. ఒక పాపను ముందుకు పిలిచి, నాలుక చాపమని, ఉప్పునీటిలో ముంచిన దూదిపుల్లను సరిగ్గా నాలుక కొసకు అద్దింది. పాప కనుబొమలు ముడిపడ్డాయి, భుజాలు ఒక్కసారి పైకి లేచాయి. "ఏ రుచి తెలిసింది?" అని అడిగింది ఉపాధ్యాయిని. పాప వెంటనే జవాబు చెప్పలేదు. మెడ తిప్పి గోడ మీది చార్టు చూసింది. కొసన తీపి అని ఉంది. "ఏమీ తెలియలేదు టీచర్" అంది. "చూశారా పిల్లలూ, ఉప్పు అక్కడ తెలియదు" అంది ఉపాధ్యాయిని. పాఠం ముందుకు సాగిపోయింది.

ఆ పాపకు ఉప్పు తెలిసింది. నేను ఆమె మొహం చూశాను కదా!

ఆ పటం పుట్టుక వింటే నీకు ఇంకా బాధ కలుగుతుంది. 1901లో డేవిడ్ హానిగ్ అనే జర్మనీ శాస్త్రవేత్త నాలుక అంచు పొడవునా రుచులు పరీక్షించాడు. ఒక్కో రుచి ఒక్కో చోట రవ్వంత తక్కువ మోతాదులోనే తెలుస్తోందని గమనించాడు. ఆయన చూసింది చాలా చిన్న తేడా. 1942లో ఎడ్విన్ బోరింగ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఆ ఫలితాలను తన పుస్తకంలో రేఖాచిత్రంగా వేశాడు. ఆ చిత్రం చూసినవాళ్లకు తేడా ఎంతో అంతు చిక్కలేదు. గీత కిందికి దిగిన చోట ఆ రుచి అసలు తెలియదనే అర్థం చేసుకున్నారు. అక్కడి నుంచి రంగులు వేసిన నాలుక బొమ్మ పాఠ్యపుస్తకాల్లోకి, చార్టుల్లోకి పాకిపోయింది. 1974లో వర్జీనియా కాలింగ్స్ మళ్లీ పరీక్షించి, తేడాలు ఉన్నా అవి లెక్కలోకి రానంత చిన్నవని తేల్చింది. రుచిమొగ్గలు ఉన్న ప్రతి చోటా అన్ని రుచులూ తెలుస్తాయి. పైగా జపాన్‌లో కికునే ఇకెడా 1908లోనే గుర్తించిన ఉమామి అనే అయిదో రుచికి ఆ పటంలో చోటే లేదు.

ఆలోచించు. ఈ తప్పును పట్టుకోవడానికి ప్రయోగశాల అక్కరలేదు, చిటికెడు ఉప్పు చాలు. ప్రతి పిల్ల నోట్లోనూ నాలుక ఉంది. అయినా దశాబ్దాల తరబడి ఆ బొమ్మ గోడల మీద నిలిచిందంటే కారణం ఒక్కటే. బొమ్మ పెద్దది, రంగుల్లో ఉంది, దాన్ని తగిలించింది టీచరు. నాలుక తనది, చిన్నది, పైగా దాని సంగతి తనొక్కదానికే తెలుసు. రెండూ చెరో మాట చెబితే పిల్ల బొమ్మ మాటే వింటుంది. ఆ రోజు ఆ పాప రుచుల గురించి నేర్చుకున్నది తప్పు. అంతకన్నా పెద్ద నష్టం, తన నాలుక చెప్పిన మాటను మింగేయడం నేర్చుకుంది. నీ తరగతిలో ఒక్క పిల్లకు కూడా ఇది జరగకూడదు. తెర, రంగులు, మెరుపులు అనేసరికి నా గుండె గుభేలుమన్నది ఇందుకే తల్లీ. అవి గోడ మీది చార్టు కన్నా ఎన్నో రెట్లు బలమైనవి.

కాబట్టి వస్తువు ముందు రావాలి, బొమ్మ తర్వాత రావాలి. విత్తనం పాఠమే తీసుకో. చిక్కుడు గింజలు రాత్రంతా నానబెట్టి, పొద్దున తలా ఒకటి ఇవ్వు. ఏమీ చెప్పకు. ముందు బయటి నుంచి చూసి గీయమను. ఎండుగింజ నున్నగా ఉంటుంది, నానిన గింజ ఉబ్బుతుంది, పైతోలు ఒక్కోచోట ముడతలు పడి వదులవుతుంది. ఒక పక్కన చిన్న మచ్చ ఉంటుంది, తల్లికాయకు అతుక్కున్న గుర్తు అది. దాని పక్కన సూది మొనంత రంధ్రం ఉంటుంది. గింజను తుడిచి మెల్లగా నొక్కితే అందులోంచి సన్నటి నీటిబొట్టు పైకి వస్తుంది. ఆ బొట్టు చూసిన పిల్లల అరుపు నువ్వు వినాలి! ఆ తర్వాత తోలు ఒలిచి, రెండు బద్దలూ విడదీయమను. లోపల ఒక అంచున వంగి పడుకున్న పిల్లమొక్క కనిపిస్తుంది. రెండు లేత ఆకులు ఒకదానిమీద ఒకటి మడిచి ఉంటాయి, వాటి మీద ఈనెలు కూడా కనిపిస్తాయి. అదీ గీయమను. ఒకరు లోపల పువ్వు కూడా వేస్తారు, ఒకరు మొక్కకు కళ్లు పెడతారు. కోప్పడకు. "ఇది నీ గింజలో ఎక్కడ ఉందో చూపించు" అని అడుగు చాలు, వాళ్లే చెరిపేసుకుంటారు.

అప్పుడు నువ్వు నల్లబల్ల మీద గీయి. తయారుచేసి తెచ్చిన బొమ్మ వద్దు, వాళ్ల కళ్ల ముందే ఒక్కో గీతా పుట్టాలి. బీజకవచం అంటూ బయటి గీత, బీజదళాలు అంటూ లోపలి గీతలు, ప్రథమ మూలం, ప్రథమ కాండం. నీ చెయ్యి నడిచే వేగంతోనే వాళ్ల ఆలోచన నడుస్తుంది. గీత వంకర పోతే పోనీ. చివర నీ కంప్యూటర్ బొమ్మ చూపించు, దానికీ చోటుంది. గింజ మొలకెత్తడం, గుండె కొట్టుకోవడం లాంటి కదలికలను సుద్దముక్క చూపించలేదు. అయితే మొలక చిత్రాన్ని వేగం పెంచి చూపిస్తున్నావని తప్పకుండా చెప్పు. లేకపోతే ఇంటికెళ్లి గింజ ముందు కూర్చుని, ఇంకా లేవడం లేదేమని ఏడుస్తారు.

ప్రతి బొమ్మా కొంత దాస్తుంది, కొంత పెంచి చెబుతుంది. అది బొమ్మ స్వభావం, తప్పుపట్టనవసరం లేదు. కానీ ఎక్కడ పెంచిందో, ఎక్కడ దాచిందో పిల్లలతో పైకి అనాలి. సీతాకోకచిలుక జీవితచక్రం చూడు. గుడ్డు, గొంగళిపురుగు, ప్యూపా, సీతాకోకచిలుక నాలుగూ ఒకే పరిమాణంలో చుట్టూ కూర్చుని ఉంటాయి. అసలు గుడ్డు ఆవగింజ కన్నా చిన్నది కావచ్చు. అసలైన చిక్కు ఆఖరి బాణంతో వస్తుంది. మిగతా మూడు బాణాలకు 'ఇది అలా మారింది' అని అర్థం. సీతాకోకచిలుక నుంచి గుడ్డుకు వెళ్లే బాణం మాత్రం 'ఇది గుడ్డు పెట్టింది' అని చెబుతుంది. ఆ తేడా చెప్పకపోతే సీతాకోకచిలుకే మళ్లీ గుడ్డుగా మారిపోతుందని పిల్లలు అనుకుంటారు. చాలామంది అలాగే అనుకుంటూ పై తరగతులకు వెళ్లిపోతారు.

బాణాల విషయంలో నాకు చాదస్తం అనుకున్నా సరే, ఇంకో రెండు మాటలు చెబుతాను. ఆహారపు గొలుసులో బాణం గడ్డి నుంచి మిడత వైపు, మిడత నుంచి కప్ప వైపు వెళ్లాలి. తిండి ఎటు పోతుందో అటు. పిల్లలు 'ఎవరు ఎవరిని తింటారు' అని ఆలోచించి తిరగేసి గీస్తారు. ఇక మొక్క బొమ్మలో మట్టి నుంచి పైకి బాణం గీసి 'ఆహారం' అని ఎప్పుడూ రాయకు. నీరు, లవణాలు అని రాయి. వాన్ హెల్మాంట్ అనే శాస్త్రవేత్త సుమారు 90 కిలోల ఎండుమట్టి నింపిన తొట్టిలో ఒక చిన్న విల్లో మొక్క నాటి, అయిదేళ్లు నీరు మాత్రమే పోశాడు. చెట్టు 70 కిలోలకు పైగా పెరిగింది, మట్టి తగ్గింది 60 గ్రాములైనా లేదు. అదంతా నీటి నుంచే వచ్చిందని ఆయన అనుకున్నాడు, గాలి పాత్ర ఆయనకు తెలియదు. 1648లో అచ్చయిన ఈ సంగతి ఇవాళ్టి చార్టులు గీసేవాళ్లకు ఇంకా చేరినట్టు లేదు.

నిలువుకోత బొమ్మ వేసే ముందు నిజంగానే ఒక పువ్వును కోసి చూపించు. సిరల్లో నీలి రంగు వేస్తే, అక్కడి రక్తం కూడా ఎరుపేనని, కాకపోతే ముదురు ఎరుపని చెప్పు. గుండె బొమ్మలో ఎడమ పక్కన కనిపించేది మన కుడి పక్క అని, ఎదురుగా ఒకరిని నిలబెట్టి చూపించు.

ఒక్క విషయంలో మాత్రం నీ మీద ముందే కోప్పడుతున్నాను. అందానికి మార్కులు వేయకు. 'పటం గీసి భాగాలు గుర్తించండి' అన్న ప్రశ్నకు మనవాళ్లు నునుపైన గీతలకు ఎక్కువ, వంకర గీతలకు తక్కువ వేస్తూ వచ్చారు. నా దగ్గర ఒక అబ్బాయి చీమను గీశాడు. గీతలు వణికాయి, తల ఒక పక్కకు ఒరిగింది, కానీ ఆరు కాళ్లూ మధ్య భాగం నుంచే వచ్చాయి. వాడి పక్కవాడు ఎక్కడో చూసి దించిన అందమైన చీమకు నాలుగు కాళ్లు పొట్టకు అతికి ఉన్నాయి. ఎక్కువ మార్కులు ఎవరికి రావాలని పెద్దలతో నేను గట్టిగానే వాదించాను. ఆ అబ్బాయి చీమను చూసి గీశాడమ్మా, అంతకన్నా ఏం కావాలి?

నువ్వూ అలాంటి పిల్లవే. అయిదేళ్ల వయసులో మెట్ల మీద బోర్లా పడుకుని చీమల బారు చూస్తూ అన్నం కూడా మరిచిపోయేదానివి. ఒక రోజు పరిగెత్తుకుంటూ వచ్చి "పెద్దమ్మా, చీమకు నడుం ఉంది" అన్నావు. నీకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు, ఏ బొమ్మా చూపించలేదు. అలా చూసే కన్ను ఉన్నవాళ్లు చిన్నపిల్లలకు పాఠం చెప్పాలని నేను ఎప్పుడూ కోరుకున్నాను. అందుకే ఇంత దిగులు, ఇంత ఆశ.

మొదటి నెల గొంతు బొంగురుపోతుంది, గోరువెచ్చని నీళ్లు దగ్గర పెట్టుకో. గట్టిగా అరవకు, బొమ్మ గీయడం మొదలుపెడితే తరగతి తనంతట తానే సద్దుమణుగుతుంది. గింజల పాఠం అయ్యాక పిల్లలు గీసిన కాగితాలు కొన్ని ఫోటో తీసి నాకు పంపు. నువ్వు దిద్దినవి వద్దు, దిద్దకముందువి పంపు. పువ్వు వేసినవి, కళ్లు పెట్టినవి కూడా కలిపి.

ప్రేమతో,
నీ పెద్దమ్మ