కనకాంబరం రంగుకి నలుపు కలిపితే ఎబ్బెట్టుగా ఉంటుందా?

ఉండదు. కానీ రెండూ సగం సగం వాడితేనే చిక్కు. ముదురు రంగు ఎక్కువ, వేడి రంగు తక్కువ ఉంటే కళ్లు చెదరవు.

నేను చెన్నైలో ఉంటాను. టీ నగర్ పట్టుచీరల కొట్లలో కాసేపు నిలబడితే ఈ లెక్క అర్థమవుతుంది. కంచి పట్టులో కోర్వై నేత అని ఉంది. చీర ఒంటికీ అంచుకీ పేక, అంటే అడ్డపోగు, వేర్వేరు నాడెలతో (పోగుని అటూ ఇటూ నడిపే పనిముట్లతో) వేసి, కలిసేచోట ఆ పోగుల్ని ఒకదానితో ఒకటి పెనవేస్తారు. అందుకే వంగపండు ఒంటికి కనకాంబరం అంచు గీత గీసినట్టు విడిగా నిలుస్తుంది. అదే చీర ఒంటికి వేసిన పేక అంచులోకీ పోతే రెండు రంగులూ కలిసి అంచు కాస్త మసకబారుతుంది. గాఢమైన జంటకి ఆ పదునైన హద్దే ప్రాణం.

పెళ్లికైతే నలుపు వద్దు, మన ఇళ్లలో పెద్దవాళ్లు ఊరుకోరు. నేరేడు, బచ్చలిపండు రంగులు ఆ పని చేస్తాయి.

పోస్టర్, వెబ్‌సైట్ విషయంలో వేడి రంగులన్నీ ఒకటి కావు. నలుపు మీద పసుపు అక్షరాల కాంట్రాస్ట్, అంటే రెండు రంగుల వెలుగులో తేడా, దాదాపు 19.6:1. అదే నలుపు మీద ముదురు మెరూన్‌కి 1.9:1 మాత్రమే! మామూలు సైజు అక్షరాలకి కనీసం 4.5:1 ఉండాలని వెబ్ ప్రమాణాలు చెబుతాయి. ట్యాక్సీల నంబర్ ప్లేట్లు పసుపు మీద నలుపులో ఎందుకంత దూరానికి కనిపిస్తాయో చూడండి.

మొదటిసారైతే నల్ల కుర్తాకి ఆవపసుపు దుపట్టాతో మొదలుపెట్టండి. నచ్చకపోతే దుపట్టా మార్చేస్తే సరి.