పంద్రాగస్టును శనివారానికి జరపకండి

హన్మకొండ నుంచి ఈ మధ్యే డల్లాస్ వచ్చిన ఒక చెల్లె మొన్న ఫోన్ చేసి అడిగింది: “అక్కా, పంద్రాగస్టు నాడు ఇద్దరికీ ఆఫీసే, పిల్లగానికి బడి. శనివారం ఇక్కడి మనవాళ్లు పెట్టే ప్రోగ్రాంకు పోతే సరిపోతదా?”

శనివారం తప్పకుండా పోండి. నలుగురు కలుస్తారు, పిల్లలు డాన్సులు చేస్తారు. కానీ జెండా పండుగ ఇంట్లో, ఆ రోజే చేసుకోండి. పదహారేళ్లుగా ఇక్కడ ఉంటున్నదాన్ని, చేసి చూసే చెబుతున్నాను.

ఎర్రకోట మీద ప్రధాని జెండా ఎగరేసేది అక్కడ ఉదయం ఏడున్నరకు. అప్పుడు డల్లాస్‌లో 14వ తేదీ రాత్రి 9 గంటలు, న్యూజెర్సీలో 10. అన్నాలు తిని పిల్లలతో కూర్చుని లైవ్ చూడొచ్చు. తెల్లారి బడికి ముందు పావుగంట దొరికితే మన జెండా. జనగణమన పాడటానికి 52 సెకన్లే పడుతుంది.

అపార్ట్‌మెంట్‌లో ఉన్నవాళ్లు ముందు లీజు కాగితం చదవండి. మొదటి ఏడాది మేము బాల్కనీ రెయిలింగ్‌కు జెండా కడితే, సాయంత్రానికి తీసేయమని ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. చాలా బాధపడ్డాం. ఆ తర్వాత సొంతిల్లు కొనేదాకా హాల్లోనే చిన్న స్టాండుకు పెట్టుకున్నాం. అదీ పండుగే. ఖద్దరు జెండా ఊరి నుంచి తెచ్చుకుంటే మంచిది. పాలిస్టర్‌ది కూడా వాడొచ్చని 2021 డిసెంబరులో మన దేశ జెండా నియమాలు (ఫ్లాగ్ కోడ్) మార్చారు. ప్లాస్టిక్‌ది మాత్రం వద్దు.

సొంతింటి పెరట్లో మొదటిసారి కర్ర పాతి, బతుకమ్మకని పెంచిన బంతిపూల రెక్కలు జెండాలో పోసి కట్టాను. తాడు లాగితే ముడి ఊడదు! పరకాల నుంచి వాట్సాప్ వీడియోలో చూస్తున్న మా బాపు రిటైరైన డ్రిల్లు సారు. “బిడ్డా, జారుముడి వెయ్యాలె” అన్నాడు. కొసను మొత్తం దూర్చకుండా మడతపెట్టి ఉచ్చులోకి నెట్టాలి, బూటు లేసు కట్టినట్టే. కొస లాగితే ముడి దానంతట అదే ఊడి పూలు రాలుతాయి. ముందురోజు రెండుమూడుసార్లు కట్టి చూసుకోండి.

ఇక్కడే పుట్టిన మా అబ్బాయి అమెరికా జెండా కూడా పెడదామన్నాడు. పెట్టాం. రెండూ వేర్వేరు కర్రలకు, దాదాపు ఒకే సైజులో, ఒకే ఎత్తులో ఉండాలి. అమెరికా జెండా ఎదురుగా నిలబడి చూసేవాళ్లకు ఎడమ వైపు రావాలి.

ఇవన్నీ సరే, నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇంకొకటి ఉంది. మన పిల్లలకు మన జిల్లా కథ చెప్పండి. 1947 ఆగస్టు 15న దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది కానీ మనకు రాలేదు. మనం ఇంకా నిజాం రాజ్యంలోనే ఉన్నాం, 1948 సెప్టెంబరు 17 దాకా. ఆ మధ్యలో, 1947 సెప్టెంబరు 2న, పరకాలలో జెండా ఎగరేయడానికి చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చిన జనం మీద కాల్పులు జరిపారు. చాలామంది ప్రాణాలు పోయాయి. వాళ్ల గుర్తుగా కట్టిందే అక్కడి అమరధామం. పోయినసారి ఊరికి వెళ్లినప్పుడు మా అబ్బాయిని తీసుకెళ్లాను. అక్కడి బొమ్మల ముందు చాలాసేపు నిలబడి, “తాతా, జెండా పట్టుకున్నందుకేనా?” అని అడిగాడు. బాపు వాడి భుజం మీద చెయ్యి వేసి “అవును బిడ్డా” అన్నాడు.

అందుకే ఆ పొద్దున మీ అమ్మానాన్నలను వీడియోలోకి పిలవండి, వాళ్ల నోటనే చెప్పించండి. డల్లాస్‌లో ఉదయం 7 అంటే వాళ్లకు సాయంత్రం 5:30, తీరిగ్గానే ఉంటారు.

అంతా విని ఆ చెల్లె, “మా అమ్మ వచ్చే నెల వస్తున్నది, ఎంత జెండా తెమ్మనాలె?” అని అడిగింది. మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పుది చాలని చెప్పాను.