ఆలయ భద్రత గురించి మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

బెంగళూరు మారతహళ్లిలో మీ ఆలయ కమిటీకి నువ్వు కార్యదర్శివి అయ్యావనీ, వైకుంఠ ఏకాదశి లోపల భద్రత ఏర్పాట్లు చూడమన్నారనీ మీ అమ్మ చెప్పింది. చాలా ఏళ్లు పోలీసు బందోబస్తులు చూసినవాణ్ణి కనుక నాలుగు మాటలు రాస్తున్నాను.

మెటల్ డిటెక్టర్ కొందామని అందరూ అంటారు. కొనండి, తప్పులేదు, అయితే అది కూత పెట్టినప్పుడు ఆపి చూసే మనిషి లేకపోతే ఆ ద్వారం మామిడాకుల తోరణంతో సమానం. 2006 మార్చి 7న కాశీ సంకటమోచన ఆలయంలోనూ, 2007 మే 18న హైదరాబాదు మక్కా మసీదులోనూ పేలినవి జనం మధ్య వదిలి వెళ్లిన బాంబులే. 2024 మార్చి 1న మీ పక్కనే కుందలహళ్లి దగ్గర రామేశ్వరం కెఫేలోనూ ఒకడు సంచి పెట్టి వెళ్లిపోయాడు. కాబట్టి "ఈ సంచి ఎవరిది?" అని వెంటనే అడిగేవాళ్లే మీకు అసలు కాపలా. చెప్పుల స్టాండు చూసుకునే అతనికీ, పూలమ్మే ఆమెకూ, మండపం ఊడ్చేవాళ్లకూ అక్కడ ఏది కొత్తగా కనబడుతోందో మీకంటే ముందే తెలుస్తుంది. వాళ్లను కూర్చోబెట్టి మాట్లాడి, ఎవరికి చెప్పాలో ఒక్క ఫోన్ నంబరు ఇవ్వు. అనుమానం ఉత్తదని తేలినా విసుక్కోవద్దు, ఒకసారి కసిరితే మళ్లీ నోరు విప్పరు. అనుమానం వస్తువు మీదా ప్రవర్తన మీదా ఉండాలి గాని మతం మీదా వేషం మీదా కాదు. గడ్డం చూసి ఆపే వాలంటీరు పట్టుపంచె కట్టుకొచ్చినవాడి సంచిని చూడకుండానే వదిలేస్తాడు.

2019 ఏప్రిల్ 21న, ఈస్టర్ నాడు, శ్రీలంకలోని బట్టికలోవా జియాన్ చర్చికి సంచితో వచ్చిన ఒకణ్ణి అక్కడి సభ్యుడొకరు అనుమానించి లోపలికి పోనివ్వలేదు. వాడు ఆవరణలోనే పేల్చుకోవడంతో ఆ సభ్యుడూ, పిల్లలూ చనిపోయారు. నిండుగా ఉన్న ప్రార్థనా మందిరం లోపల జరిగి ఉంటే నష్టం ఇంకెంతో ఉండేది. అందుకే సంచుల తనిఖీని గర్భగుడి క్యూ మొదట్లో కాక వీధి మలుపు దగ్గరే, జనం పలచగా ఉన్నచోట పెట్టించు. వాహనాలనూ అక్కడే ఆపించు.

కర్ణాటక 2017 ప్రజాభద్రత చట్టం ప్రకారం సీసీటీవీ రికార్డింగును 30 రోజులు దాచాలి. కెమెరాలు గోపురాన్ని కాదు, వచ్చేపోయేవారి ముఖాలను చూపాలి.

దిక్కులేని సంచి కనబడితే ముట్టుకోకూడదు, జరపకూడదు, నీళ్లు పోయకూడదు. దాని దగ్గర ఫోన్లు వాడకుండా, దూరంగా వచ్చి 112కు చెప్పాలి. జనాన్ని పంపేటప్పుడు మాత్రం ఎక్కువ జాగ్రత్త కావాలి, ఎందుకంటే 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠద్వార టోకెన్ల దగ్గర ఏ బాంబూ లేకుండానే తొక్కిసలాటలో ఆరుగురు పోయారు. మైకులో "బాంబు" అన్న మాట రాకూడదు. "దర్శనం ఆపాము, తూర్పు ద్వారం గుండా నెమ్మదిగా బయటికి నడవండి" అన్న ప్రకటనను తెలుగులో, కన్నడంలో ముందే రాసి అర్చకస్వాములకు ఇవ్వు. ఆ తూర్పు ద్వారం తాళంచెవి ఎవరి దగ్గర ఉందో ఈ వారమే కనుక్కో. చాలా గుళ్లలో అది ఊళ్లో లేని ధర్మకర్త బీరువాలో ఉంటుంది.

ఇట్లు,
మీ మామయ్య