ఎన్‌క్రిప్టెడ్ ఫైల్ సిస్టమ్ రాస్తున్న అల్లుడికి

కడప

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

ప్రొద్దుటూరులో దస్తావేజులు రాసే ఆఫీసుకు ఎన్‌క్రిప్టెడ్ ఫైల్ సిస్టమ్, అంటే కీ లేనిదే ఎవరూ చదవలేనట్టు ఫైళ్లను మూసి దాచే ఏర్పాటు, చేసిస్తానని ఒప్పుకున్నావట. సంతోషం. జనం క్రయపత్రాలు, ఆధార్ కాపీలు ఆ కంప్యూటర్లో ఊరికే పడి ఉండటం నాకూ నచ్చదు. ప్రోగ్రాంను సి భాషలో రాయాలా, గో లోనా, రస్ట్ లోనా అని అడిగావు. చెప్తాను గానీ, దానికంటే ముందు తేల్చుకోవాల్సింది ఇంటర్‌ఫేస్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కూ నీ ప్రోగ్రాంకూ మధ్య ఒప్పందం.

ఫ్యూజ్ మీదే కట్టు. ఫైల్ సిస్టమ్‌ను కర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండె) బయట, మామూలు ప్రోగ్రాంలా నడిపించే ఏర్పాటు అది. 2005 నుంచీ లైనక్స్ కర్నెల్లో ఉంది, నీ ప్రోగ్రాం పడిపోయినా మెషిన్ పడిపోదు. అది అడిగే ఒక్కో పనికి నువ్వు ఏం హామీ ఇస్తున్నావో కాగితం మీద రాసుకో. రైట్ (ఫైల్లో రాయడం) సంగతే చూడు. సర్వే నంబరులో ఒక్క అంకె మార్చారనుకో. 4096 బైట్ల బ్లాకులుగా ఎన్‌క్రిప్ట్ చేస్తుంటే, ఆ ఒక్క బైటు కోసం బ్లాకంతా చదివి, విప్పి, మార్చి, కొత్త నాన్స్‌తో (ఒక్కసారే వాడాల్సిన సంఖ్యతో) మళ్లీ మూసి రాయాలి. పాత నాన్స్‌నే వాడితే ఎఇఎస్-జిసిఎమ్ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతిలో కొంప మునిగినట్టే: రెండు పాఠాల మధ్య తేడా బయటపడుతుంది, ట్యాగును (బ్లాకును ఎవరూ మార్చలేదని చూపే ముద్రను) ఫోర్జరీ చేసే దారీ దొరుకుతుంది. రాస్తుండగా కరెంటు పోతే? సగం పాతది, సగం కొత్తది అయిన బ్లాకుకు ట్యాగు కుదరదు, బ్లాకు మొత్తం పోతుంది. కొత్త బ్లాకును పక్కన రాసి, అది డిస్కుకు చేరాకే ఖాయం చేసే ఏర్పాటు మొదట్లోనే పెట్టు. తర్వాత చూద్దామంటే ఫార్మాటే మార్చాల్సి వస్తుంది.

ట్యాగు కుదరనప్పుడు సున్నాలు ఇచ్చి సరిపెట్టకు, ఎర్రర్ ఇచ్చి ఆగు. ఫైలుతో పని పూర్తయ్యాక చివరగా వచ్చే రిలీజ్‌లో నువ్విచ్చే ఎర్రర్‌ను ఫ్యూజ్ ఎవరికీ చేరవేయదు. ఆఖరి రాతను అక్కడిదాకా దాచుకోకుండా, ఫైలు మూసేటప్పుడు వచ్చే ఫ్లష్‌లోనే తేల్చెయ్.

ఫైలు పేర్ల దగ్గర మనవాళ్లకు అసలు చిక్కు వస్తుంది. లైనక్స్‌లో పేరుకు 255 బైట్లే హద్దు. తెలుగులో అక్షరం, గుణింతం గుర్తు విడిగా మూడేసి బైట్లు తింటాయి, వత్తయితే ఆరు. 'ప్రొద్దుటూరు' ఒక్కదానికే 36. ఎన్‌క్రిప్ట్ చేసి బేస్64లో (బైట్లను మామూలు ఇంగ్లీషు అక్షరాలుగా రాసే పద్ధతిలో) పెడితే మూడు బైట్లు నాలుగవుతాయి. ఇలాంటిదే అయిన గోక్రిప్ట్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ 175 బైట్లు దాటిన పేర్లను విడిగా ఒక ఫైల్లో దాస్తుంది. నువ్వూ అలాగే చెయ్యి. పార్టీల పేర్లు, గ్రామం, సర్వే నంబరు అన్నీ కలిపి పేరు పెట్టడం వాళ్ల అలవాటు, దాన్ని మార్చుకోమని చెప్పకు.

ఇక భాష. సి వద్దు. 2014లో బయటపడ్డ హార్ట్‌బ్లీడ్, అంటే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే భద్రతా లైబ్రరీలోని లోపం, వచ్చింది సి కోడ్‌లో హద్దు చూడని ఒక్క రీడ్ వల్లే. మెమరీలోని కీని మెమ్‌సెట్ అనే సి ఫంక్షన్‌తో తుడిచినా, ఆ తర్వాత వాడట్లేదని కంపైలర్ దాన్ని తీసేయొచ్చు. గోలో పని త్వరగా అవుతుంది, గోక్రిప్ట్‌ఎఫ్‌ఎస్ అందులోనే ఉంది. కానీ మెమరీలో కీ కాపీలన్నీ తుడిచానని గట్టిగా చెప్పలేవు. నా ఓటు రస్ట్‌కే. మూసిన బ్లాకుకు ఒక టైపు, విప్పిన బ్లాకుకు ఇంకో టైపు పెట్టుకుంటే, విప్పినదాన్ని పొరపాటున డిస్కుకు పంపే కోడ్ అసలు కంపైలే కాదు. మొదట్లో కంపైలర్ విసిగిస్తుంది, టెన్షన్ పడకు. క్రిప్టో మాత్రం సొంతంగా రాయకు.

పరీక్షకు కిల్ మైనస్ 9తో (ప్రోగ్రాంను బలవంతంగా ఆపే కమాండ్‌తో) ఆపి చూస్తే చాలదు. డిస్కుకు చేరేముందు పేజ్ క్యాష్ అనే మెమరీలో ఉన్నది కర్నెల్ ఎలాగూ రాసేస్తుంది. రాత జరుగుతుండగా వర్చువల్ మెషిన్‌ను ఉన్నపళంగా ఆపేసి, మళ్లీ లేపి చూడు. అది నిలిచేదాకా ఒక్క అసలు దస్తావేజు కూడా అందులో పెట్టనివ్వకు. కోడ్ కంటే ముందు ఆ హామీల కాగితం నాకు పంపు.

అమ్మను అడిగానని చెప్పు.

మీ మామ