ఓనర్ సరేనన్నా అసోసియేషన్ కుక్కను రానివ్వకపోతే?

ప్రశ్న: తిరుపతి కొర్లగుంటలో బాడుగకు ఉంటున్నాం. కొడుకు పెళ్లి పెట్టుకున్నామని ఓనర్ వాళ్లు ఖాళీ చేయమన్నారు. మా దగ్గర నాలుగేళ్ల లాబ్రడార్ ఉంది. రెండు నెలలుగా ఇళ్లు చూస్తున్నాం, కుక్క అనగానే ఏదో ఒక సాకు చెబుతున్నారు. చివరికి ఎయిర్ బైపాస్ రోడ్డు దగ్గర ఒక ఫ్లాట్ కుదిరింది. బెంగళూరులో ఉండే ఓనర్ ఫోన్లో సరేనన్నారు, ముప్పై వేలు అడ్వాన్స్ పంపాం. ఇప్పుడేమో అసోసియేషన్ సెక్రటరీ ‘మా బైలాస్‌లో (అసోసియేషన్ నియమావళిలో) పెంపుడు జంతువులు నిషేధం’ అంటున్నారు. రాత్రిపూట తెచ్చేసుకోండి, తర్వాత ఎవరూ ఏమీ అనరని బ్రోకర్ సలహా. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు ఆ బ్రోకర్ మాట వినకండి. ఆయన కమీషన్ ఆయనకు ముట్టేసింది, తర్వాత గొడవ పడేది మీరు. కొన్నేళ్ల కిందట నా దగ్గరికొచ్చిన ఒక కుటుంబం అచ్చం ఇదే చేసింది. పమేరియన్‌ను బట్టల బుట్టలో పెట్టుకుని రాత్రి పదకొండింటికి మెట్లెక్కించారు. మూడో రోజు తెల్లవారుజామున పాలబ్బాయి బెల్లు కొట్టగానే అది మేడ మొత్తాన్ని లేపింది. అగ్రిమెంట్‌లో నాలుగో పేజీలో ‘జంతువులను పెంచరాదు’ అని ఒక లైను ఉంది, వీళ్లు చదవకుండానే సంతకం పెట్టేశారు. నేను చేయగలిగిందల్లా బతిమాలి రెండు నెలల టైం ఇప్పించడమే.

ఇక చట్టం సంగతి. కుక్క ఉన్నవాళ్లకు ఇల్లు ఇచ్చి తీరాలని ఓనర్‌ను బలవంతపెట్టే చట్టమేదీ లేదు. చాలామంది ఆర్టికల్ 51ఏ(జి) చదివి వినిపిస్తారు, జీవుల పట్ల దయ చూపడం పౌరుల ప్రాథమిక విధి అని. నిజమే, కానీ దాన్ని చూపించి ఎవరి ఇంటి తాళాలూ అడగలేం. పైగా మన ఊళ్లో ఓనర్లు ఎక్కువగా కింద పోర్షన్‌లోనే ఉంటారు, తెల్లారి వాకిట్లో ముగ్గు, తులసికోట, మడి ఉంటాయి. వద్దన్న వాళ్లందరూ జంతు ద్వేషులేం కాదు. వాళ్లతో వాదించి మీరు రెండు నెలలు పోగొట్టుకోనక్కర్లేదు.

కానీ మీ విషయంలో ఓనర్ ఒప్పుకున్నారు. అక్కడ కథ మారిపోయింది. భారత జంతు సంక్షేమ బోర్డు 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, మెజారిటీ సభ్యులు చేతులెత్తి తీర్మానం చేసినా సరే, పెంపుడు కుక్కలను నిషేధించే అధికారం అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కు లేదు. కుక్కతో లిఫ్ట్ ఎక్కొద్దనడానికీ లేదు, లిఫ్ట్ వాడినందుకు ప్రత్యేకంగా డబ్బులు అడగడానికీ లేదు. 2021లో కేరళ హైకోర్టు కూడా, నివాసులు జంతువులను పెంచుకోకూడదనే బైలాస్ నిబంధనలు చట్టవిరుద్ధమని, చెల్లవని చెప్పింది. ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. బోర్డువి మార్గదర్శకాలే, పార్లమెంటు చేసిన చట్టం కాదు. కేరళ తీర్పును మన దగ్గరి కోర్టు పాటించి తీరాలనీ లేదు. అయినా వాదనకు రెండూ గట్టి బలమే, ఆ సెక్రటరీ చేతిలో ఉన్న బైలాస్ పేజీ కంటే చాలా గట్టివి. ఆ పేజీ కాపీ ఇమ్మని రాతపూర్వకంగా అడగండి. నా అనుభవంలో సగం చోట్ల అలాంటి నిబంధనే ఉండదు, ఎప్పుడో ఒక మీటింగ్‌లో ఎవరో అన్న మాటే అప్పటినుంచీ రూలైపోయి ఉంటుంది.

మీ కేసులో అసలు బలహీనత వేరే ఉంది. ఓనర్ అంగీకారం ఫోన్లోనే ఉంది. ఈ రోజే ఆయనకు వాట్సాప్‌లో మెసేజ్ పెట్టండి: ‘ఫలానా తేదీన ఫోన్లో మాట్లాడుకున్నట్టు మేం మా లాబ్రడార్‌తో కలిసి ఫ్లాట్‌లోకి వస్తున్నాం, ముప్పై వేలు అడ్వాన్స్ పంపాం, మీకు సమ్మతమేనని తెలియజేయండి.’ ఆయన ‘ఓకే’ అని కొట్టినా చాలు, అది సాక్ష్యమే. చాట్ డిలీట్ చేయకండి, ఫోన్ మార్చినా పాతది పారేయకండి, రేపు కోర్టుకు వెళ్తే ఆ చాట్ అసలైనదేనని ధ్రువీకరించే సర్టిఫికెట్ జత చేయాల్సి ఉంటుంది.

తర్వాత అగ్రిమెంట్. పదకొండు నెలలదే అయినా ఇలా రాయించండి: ‘బాడుగదారు తమ వద్ద ఉన్న ఒక లాబ్రడార్ కుక్కను ఈ ఫ్లాట్‌లో ఉంచుకోవడానికి ఓనర్ అంగీకరించారు. కుక్క వల్ల తలుపులకు, గోడలకు నష్టం జరిగితే దాని రిపేరు ఖర్చును మాత్రమే, బిల్లు చూపించి, అడ్వాన్స్‌లో మినహాయించుకోవాలి.’ ఆ ‘మాత్రమే’, ఆ ‘బిల్లు’ ఎవరు కొట్టేయమన్నా ఒప్పుకోకండి. సామాన్లు దించకముందే ప్రతి తలుపు కింది భాగం ఫొటో తీసుకోండి, కుక్క గోళ్లు గీసేది అక్కడే, ఖాళీ చేసేటప్పుడు గొడవ వచ్చేదీ అక్కడే. వాడకంతో సహజంగా వచ్చే అరుగుదలకు మీ బాధ్యత ఉండదు, గోళ్ల గీతలు మాత్రం ఆ లెక్కలోకి రావు, అవి మీరే కట్టుకోవాలి.

అసోసియేషన్‌కు భయపడి ఓనర్ వెనక్కి తగ్గితే అడ్వాన్స్ మొత్తం అడగండి. ఇవ్వకపోతే లాయర్ నోటీసు, దానికీ పలకకపోతే కోర్టు ప్రాంగణంలోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా అక్కడ ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది, ముప్పై వేల కోసం దావా వేయకుండా లోక్ అదాలత్‌లోనే తేల్చుకోవచ్చు. కొర్లగుంట ఓనర్ తొందరపెట్టి సామాన్లు బయట పెడతారేమోనని టెన్షన్ పడకండి. కోర్టు ద్వారా కాకుండా అలా గెంటేస్తే, ఆరు నెలల్లోపు దావా వేసి ఇంటిని తిరిగి స్వాధీనం చేసుకోవచ్చు.

మీ వైపు నుంచి కూడా కాగితాలు ఉండాలి. రేబిస్ టీకా కార్డు అప్‌టుడేట్‌గా పెట్టుకోండి. ఊళ్లోనే వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కాలేజీ ఉంది, అక్కడి డాక్టర్ సంతకంతో ఒక ఆరోగ్య పత్రం తీసుకుని సెక్రటరీకి ఇవ్వండి, సగం నోళ్లు మూతపడతాయి. మెట్ల మీద, లిఫ్ట్‌లో గొలుసు విప్పకండి. కుక్కను అజాగ్రత్తగా వదిలి ఎవరికైనా ప్రమాదం తెస్తే, భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 291 సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు లేదా ఐదు వేల దాకా జరిమానా, లేదంటే రెండూ పడొచ్చు. ఎవరైనా దానికి విషం పెడతామని బెదిరిస్తే అదే సంహితలో 325 సెక్షన్ ఉంది, చంపితే ఐదేళ్ల దాకా శిక్ష. బెదిరింపు మెసేజ్ వస్తే స్క్రీన్‌షాట్ తీసి స్టేషన్లో ఇవ్వండి.

ఇల్లు దొరక్క కుక్కను ఎక్కడో వదిలేసి వచ్చేవాళ్లనూ చూశాను. ఆకలిదప్పులతో మలమల మాడేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరమే, కాకపోతే మొదటిసారికి జరిమానా పది నుంచి యాభై రూపాయలు. ఆ అంకె చూసి నవ్వాలో ఏడవాలో తెలియదు. మీరు అలాంటివారు కాదని ఉత్తరం చూస్తేనే తెలుస్తోంది. ఓనర్ నుంచి ఆ ‘ఓకే’ వచ్చేదాకా మాత్రం సామాన్లు ఆటో ఎక్కించకండి.